వంగిన కొమ్ము

కిందటి వేటకాలంలో నా భార్య వెర్లా, కుడికొమ్ము కిందికి వంగిన ఒక మ్యూల్ జాతి మగజింకను గురిచూసి కూడా వదిలేసింది. "ఇంకా పెరగనీ," అంది. ఆ చలికాలం ఆమె పోయింది. మంచుకు కొండమీద జింకలు సగం చచ్చాయి.

ఆగస్టులో ఆమె తమ్ముడు డెల్విన్‌తో కలిసి, వేటకు ముందే దాన్ని వెతకడానికి కొండెక్కాను. అది బతికుంటే చాలనుకున్నాను.

"అదిగో!"

"బావా, అది పొద. కళ్లద్దాలు తుడుచుకో."

పొద లేచి నిలబడింది. ఏటా రాలి మళ్లీ మొలిచే కొమ్ము ఈసారీ కిందికే వంగింది. నా గుండె తేలికపడింది.

"సీజన్లో కొడతావా?"

"ఇంకా పెరగనీ."

"మా అక్కా నువ్వూ ఒకటే. జింక మాంసం లేక నాకు మళ్లీ బీన్సే గతి," అంటూ డెల్విన్ కళ్లు తుడుచుకుని నవ్వాడు.