డబ్బా రాసిన నిద్ర

ఆత్మారాం సేటు మనుషుల్ని చచ్చినా నమ్మడు. డబ్బాను మాత్రం కళ్లతో చూడకముందే నమ్మేశాడు. బొంబాయి నుంచి తెప్పించి తన లారీలో బిగించిన ఆ డబ్బాలో ఒక గుండ్రటి కాగితం ఉంటుంది. చక్రాలు తిరిగితే ముల్లు దాని మీద ఎగుడుదిగుడుగా గీస్తుంది. లారీ ఆగితే తిన్నగా గీసుకుంటూ పోతుంది. ఎగుడుదిగుడు గీత డ్యూటీ, తిన్నని గీత విశ్రాంతి. ఇక డ్రైవర్ల ఆటలు సాగవని సేటు నిజామాబాద్ బజారంతా చెప్పుకు తిరిగాడు.

ఆ లారీ నడిపేది లింబాద్రి. సీజన్ వచ్చిందంటే బోధన్ వైపు చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలుతాడు. గేటు ముందు బండ్లు బారులు తీరి ఉంటాయి. లోపలికి పోవడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ముందు బండి జరిగినప్పుడల్లా తనూ జరగాలి. కునుకు తీశాడంటే వెనకవాడు సందులో దూరిపోతాడు, వాడి వెనకవాడు తిట్లు లంకించుకుంటాడు. అందుకని ఆ రెండు రోజులూ లింబాద్రి కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంటాడు. డబ్బా మాత్రం దాన్ని విశ్రాంతి అని రాస్తుంది.

తిరిగి రాగానే సేటు ఆ కాగితాన్ని వెలుగుకు పట్టి చూసేవాడు.

"రెండు దినాలు మంచిగ పండుకున్నవ్ గదరా! పో, కమ్మర్‌పల్లి పోయి పసుపు ఎత్తుకరా."

"కన్ను మూయలే సేటు, లైన్ల ఉన్న. గీ సిన్న గీతలు సూడుండ్రి, బండి జరిపినప్పుడల్లా పడ్డయి."

సేటు కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "గివా? నిద్రల దొర్లినట్టున్నవ్."

కిందటి వారం అలాగే పసుపు కోసం పోయి వస్తుంటే ముప్కాల్ దగ్గర లింబాద్రికి కళ్లు మూతపడ్డాయి. తెరిచేసరికి ముందు చక్రం కాలువ గట్టు అంచున ఉంది. అప్పటి నుంచి స్టీరింగ్ పట్టుకోవాలంటేనే భయం. భార్య గంగమణికి ఈ మాట చెప్పలేదు. లైను నుంచి వచ్చాక ఒక్క పూట నిద్ర దొరికితే బతికిపోతాడు. ఆ ఒక్క పూటకే డబ్బా అడ్డం పడింది. సేటును తిట్టుకుంటే కనీసం ఆయనకు పొలమారుతుంది, ఈ ఇనప ముండకు అదీ లేదు.

తోటి లారీ యజమానులకు డబ్బా చూపించుకోవాలని ఒకనాడు సేటుకు మనసైంది. ఇస్త్రీ ధోవతి కట్టుకుని, మధ్యాహ్నానికి వచ్చేస్తానని భార్య శ్యామలమ్మకు చెప్పి లారీ ఎక్కాడు. ఫ్యాక్టరీ దగ్గర అందరినీ పోగేసి, లైన్లో డ్రైవర్లు హాయిగా పడుకుంటారని కాగితాలు చూపించి మరీ నిరూపించాడు.

మార్కండేయ అనే లారీ యజమాని అంతా విని నవ్వాడు. "గంత హాయైతే లైను అయ్యేదాంక నువ్వే కూసోరాదు సేటు!"

నలుగురిలో పరువు సమస్య. "కూసుంట, ఏమైతది?" అన్నాడు సేటు.

కూర్చున్నాడు. దుమ్ముకు ధోవతి ఏ రంగో తెలియకుండా పోయింది. దోమలు దావత్ చేసుకున్నాయి. సేటు తల వాలినప్పుడల్లా ఎక్కడో ఒక హారన్ మోగేది. ఎవరూ మోగించకపోతే లింబాద్రి మోగించేవాడు. "లైను జరుగుతున్నది సేటు, జర పట్టుకోండ్రి" అని ఎంతో మర్యాదగా చెప్పేవాడు. ఆ రెండు రోజులూ అతనికి డ్యూటీ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

చెరుకు దింపి ఇల్లు చేరేసరికి సేటు గానుగలోంచి వచ్చిన పిప్పిలా ఉన్నాడు. నేరుగా మంచం వైపు నడిచాడు. లింబాద్రి కాగితం తీసి శ్యామలమ్మ చేతిలో పెట్టాడు.

"అమ్మా, సేటు రెండు దినాలు మంచిగ ఆరాం తీసుకున్నడు. సూడుండ్రి, గీత ఎంత సక్కగున్నదో."

ఆ డబ్బా గొప్ప రోజూ వినే శ్యామలమ్మ కాగితం చూసి తలూపింది. "అయితే జర మార్కెట్ యార్డుకు పోయిరాండ్రి. మనిషొచ్చి అడిగిపోయిండు."

"గా డబ్బకేం ఎరుక!" సేటు వాడంతా వినబడేలా అరిచాడు. "రెండు దినాలు కన్ను మూస్తే ఒట్టు!"

లింబాద్రికి ప్రాణం లేచి వచ్చింది. "నేను గూడ గదే అంటున్న సేటు, ఇన్ని దినాల సంది."

సేటు మంచం మీద వాలి అటు తిరిగాడు. "నాకైతే అలవాటు లేదురా. నీకు అలవాటే గద. పో, పసుపు ఎత్తుకరా."

లింబాద్రి లారీ తాళంచెవిని మంచం కోడు పక్కన పెట్టి, చడీచప్పుడు లేకుండా బయటికి నడిచాడు. లారీ ఎక్కి, డబ్బాలో కొత్త కాగితం పద్ధతిగా అమర్చాడు. తలుపులు లోపలినుంచి గడియ పెట్టుకుని సీటు మీద పడుకున్నాడు.

కాసేపటికి సేటు వచ్చి తలుపు బాదాడు, తిట్టాడు, బతిమాలాడు. లోపల గురక. డబ్బాలో ముల్లు తిన్నగా గీసుకుంటూ పోతోంది, లారీలో బిగించినప్పటి నుంచి మొదటిసారి నిజం రాస్తూ.