చెప్పుల చక్రాల బండి

నేను ఒక బండిని. పెట్రోలు, బ్యాటరీ ఏమీ అక్కర్లేదు, తాడు పట్టుకుని లాగేవాళ్లుంటే చాలు. మిగతా వస్తువులు చివరికి చెత్తకుప్పలో పడతాయి. నేను పుట్టిందే అక్కడ. అనకాపల్లి దగ్గర ఒక పిల్లల ఆశ్రమం వెనక, తెగిన హవాయి చెప్పులూ ఖాళీ పౌడరు డబ్బా ఏరుకొచ్చి నూకరత్నం అనే పిల్ల నన్ను తయారుచేసింది. చెప్పుల్ని గుండ్రంగా కోసి చక్రాలు చేసింది. ఒక చక్రం వంకరగా వచ్చింది. నడుం ఊపుకుంటూ నడుస్తానని పిల్లలంతా నవ్వేవాళ్లు. నవ్వుతూనే నన్ను లాగడానికి కొట్టుకునేవాళ్లు.

ఆదివారాల్లో మా ఆశ్రమానికి పుట్టినరోజులు వచ్చేవి. తమ పిల్లలకి పుట్టినరోజు నాడు ఇవ్వడం నేర్పాలని పెద్దవాళ్లు కార్లేసుకుని వచ్చేవారు. మావాళ్లు వరసగా నిలబడి పాట పాడాలి, కేకు తినాలి, ఇచ్చింది పుచ్చుకుని 'థాంక్యూ ఆంటీ' అనాలి. వచ్చినవాళ్ల పుణ్యానికి ఏ లోటూ రాకుండా వార్డెన్ ఎస్తేరమ్మ గారు కళ్లతోనే కాపలా కాసేవారు.

ఆ ఆదివారం పుట్టినరోజు హవిష్‌ది. ఏడేళ్లుంటాయేమో. వాళ్లమ్మ సుచరిత గారు మంచావిడే. "ఇవాళ మనం ఇవ్వడానికే వెళ్తున్నాం, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదు" అని దారి పొడుగునా వాడికి పాఠం చెప్పారట. వాడి చేత్తోనే అందరికీ స్కూలు బ్యాగులు ఇప్పించి ఫోనులో వీడియో తీశారు. నూకరత్నం పాత బ్యాగు జిప్పు ఊడి ఎన్నాళ్లో అయింది. కొత్తదాన్ని గుండెకి హత్తుకుంది. అంతలో ఏమనుకుందో ఏమో, లోపలికి పరిగెత్తి నన్ను పట్టుకొచ్చి, వరస దాటి, హవిష్ ముందు పట్టింది.

"తీసుకో. నీకే."

నా పైప్రాణాలు పైనే పోయాయి. వాడి చెయ్యి ముందుకొచ్చింది. చటుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు.

"అమ్మ తీసుకోవద్దంది."

"నువ్వే ఆడుకోమ్మా. మేం మీకివ్వడానికి వచ్చాం కదా," అంటూ సుచరిత గారు నవ్వారు.

"ఏటే ఆ చెత్త? లోపలెట్టు!" పళ్లు బిగించి అన్నారు ఎస్తేరమ్మ గారు.

నూకరత్నం చెయ్యి దించలేదు. "పుట్టినరోజు మీ బాబుదే గదమ్మా? మరి బాబుకెవులిస్తారు?"

హవిష్ చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. ఆ పిల్ల కొత్త బ్యాగుని భుజం మీంచి తీసి నేల మీద పెట్టేసింది.

"అయితే నాకూ వొద్దు."

ఎస్తేరమ్మ గారి ముఖం పాలిపోయింది. ఇలాంటివాళ్లు అలిగి రావడం మానేస్తే వచ్చే నెల బియ్యం ఎక్కడివి? పిల్లల్లో ఒకరిద్దరు తమ బ్యాగుల్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. నాకైతే ఏడుపొచ్చింది. ఓసి పిచ్చిమొహమా, నాకోసం ఆ బ్యాగు వదులుకుంటావా! నేనెంత, నా బతుకెంత!

సుచరిత గారు నేల మీది బ్యాగు వంక చూస్తూ నిలబడిపోయారు. తానిచ్చింది వద్దనిపించుకోవడం ఆవిడకి కొత్త. ముఖం ఎర్రబడింది. మెల్లగా ఫోను దించి పర్సులో పడేశారు.

"తీసుకో, హవీ. అక్కకి థాంక్యూ చెప్పు."

వాడు నా తాడు అందుకున్నాడు. "థాంక్యూ అక్కా."

పొద్దుట్నించీ ఆ మాట మావాళ్లే అంటున్నారు. మావాళ్లతో ఒకరు అనడం నేను వినడం అదే మొదలు. నూకరత్నం వంగి బ్యాగు తీసుకుంది. "ఓ చక్రం వంకరుంది, మెల్లగా లాగు," అని చెప్పి, కళ్లు తుడుచుకోకుండానే వరసలోకి వెళ్లిపోయింది.

కారులో సీటు మాసిపోతుందని నా కింద పేపరు పరిచారు. మనుషులు కదా, ఒక్కపూటలో ఎంతని మారతారు! గేటు దాటుతుండగా హవిష్ అడిగాడు.

"అమ్మా, ఆ అక్క పుట్టినరోజెప్పుడు?"

"తెలీదు నాన్నా."

"నువ్వు అడగలేదా?"

కొంచెం దూరం పోయాక ఆవిడ కారు ఆపి వెనక్కి తిప్పారు. ఆ తిప్పడంలో నేను సీటు మీంచి దొర్లి కింద పడ్డాను, వంకర చక్రం ఊడిపోయింది. దాన్ని మళ్లీ నూకరత్నమే బిగించింది, ఆ పిల్ల పుట్టినరోజుకి హవిష్ నన్ను చంకన పెట్టుకుని వెళ్లినప్పుడు.