పసుపు ఇంటూ మార్కు

నలభై ఏళ్లు బండ్ల మీద తప్పులు వెతికి, తప్పులు చెరిపి బతికినవాణ్ణి. ఇప్పుడీ పళ్ళ డాక్టరమ్మ వచ్చి తప్పులు పెట్టమంటోంది. చూడండి నా ఖర్మ!

"ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికొచ్చిందో అచ్చం అలాగే కావాలి మేస్త్రీ గారూ," అంది. "మెరిపించకండి. రంగు కారిన చోట కారినట్టే ఉండాలి. వైర్ల మీద చింది ఉంటే చిందినట్టే ఉండాలి."

"కారిన రంగు కోసం ఎదురు డబ్బులిచ్చేవాళ్లని మిమ్మల్నే చూశానమ్మా," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. పాత బండ్ల ప్రదర్శనలో లైట్లేసి మరీ చూస్తారట. ఆ ఆకుపచ్చ పికప్ ట్రక్కు వాళ్ల నాన్నది. ఆయన పోయాక పదేళ్లు షెడ్డులో పడుంది. ఆవిడ చేతిసంచిలో పళ్లు చూసే బుల్లి అద్దం ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తీసి, బానెట్ కింద మూలలన్నీ నోట్లో చూసినట్టే చూసింది. వెళ్తూ వెళ్తూ ఆ అద్దం నా బల్ల మీద వదిలేసి, "మీకు పనికొస్తుంది, ఉంచుకోండి," అంది.

ఆ బండి తయారైన ఫ్యాక్టరీలోనే నేనూ మా అన్నయ్యా పనిచేశాం. అది మూతపడ్డాకే పాత బండ్లకి రంగులేసే ఈ షెడ్డు పెట్టుకున్నాను. అందుకే ఆ పని ఒప్పుకున్నాను, లేకపోతే ఆ చాదస్తానికి దండం పెట్టి పంపించేసేవాణ్ణి. ఆ బండ్ల మీద ఏ బోల్టుకి ఎర్ర చుక్క పెట్టేవాళ్లో, ఏ అంచుకి రంగు అందేది కాదో నాకు కంఠతా వచ్చు.

మూడు పొరల పిచ్చి రంగులు వేసి ఉన్నాయి దాని మీద. నీళ్లు పోస్తూ ఎమిరీ కాగితంతో వారం రోజులు రుద్దాను, బయటపడ్డ ప్రతి గుర్తునీ ఫోటో తీసి డాక్టరమ్మకి పంపుతూ. నీలం పోయింది, దాని కింద ఇంకో నీలం పోయింది, అడుగున అసలు ఆకుపచ్చ తేలింది. దాని మీద ముందు రెక్క నుంచి తలుపు మీదుగా వెనక తొట్టి చివరిదాకా సన్నని మీగడరంగు గీత. ఆ గీత చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. ఆ గీతలు గీసేవాడు మా అన్నయ్య.

కుంచె పట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపులో లాగేవాడు. ఫ్యాక్టరీ మొత్తంలో ఆ పని వచ్చినవాళ్లు నలుగురే. నాకు అక్కడ ఉద్యోగం ఇప్పించింది కూడా వాడే, సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడి. రంగు తనిఖీ చేసే పని. నా నంబరు పదిహేడు.

తలుపు స్తంభం మీద రబ్బరు ఊడదీశాను. దాని కింద పసుపు క్రేయాన్‌తో ఒక ఇంటూ మార్కు, పక్కన పదిహేడు, కింద తేదీ. ముప్పై ఎనిమిదేళ్లు రబ్బరు చాటున చెక్కుచెదరకుండా ఉంది. ఆ తేదీ నాకు బాగా గుర్తు. ఆ మర్నాడే అన్నయ్యని గీతల పని నుంచి తీసేశారు.

అక్కడి రూలు అది. నెలలో మూడు ఇంటూలు పడితే గీతల మీద నుంచి దించేస్తారు. మొదటి రెండూ వేరేవాళ్లు వేశారు. మూడోది నేను వేశాను. తలుపు దగ్గర గీత గోరంత విరిగి కనిపించింది. చేరి రెండు నెలలు కాలేదు, అన్న అని కూడా చూడలేదనిపించుకోవాలని నాకు ఒకటే ఉబలాటం. "చెయ్యి వణుకుతోంది," అని అందరి ముందూ అన్నాను. ఎంత పొగరురా నీకు, అని ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటాను.

వాణ్ణి బండ్ల అడుగున నల్లరంగు కొట్టే సెక్షన్‌లో పడేశారు. పద్దెనిమిదేళ్లు మొహానికి గుడ్డ కట్టుకుని ఆ పొగలో పనిచేశాడు. ఇప్పుడు ముక్కుకి గొట్టం లేకుండా పది అడుగులు నడవలేడు.

సరే, మార్కు పడ్డ గీతని రిపేరులో చెరిపి మళ్లీ గీసుంటారు కదా, రెండు పూతలు ఉండాలి. ఎమిరీతో ఓ మూల మెల్లగా రుద్ది చూశాను. ఒకటే పూత. ఆ గీతని ఎవరూ తిరిగి ముట్టుకోలేదు! మరి ఇప్పుడు తలుపు దగ్గర తిన్నగా ఎలా ఉంది?

డాక్టరమ్మ అద్దం పట్టుకుని తలుపు కింది మడత బందు వెనక్కి చూశాను. బందుకీ స్తంభానికీ మధ్య పల్చటి రేకు ముక్క ఒకటి దూర్చి ఉంది. బందు విప్పితే, రేకు కింద ఆకుపచ్చ రంగు నిక్షేపంగా ఉంది, రేకు మీద మాత్రం చుక్క రంగు లేదు. అంటే రంగు ఆరాక, రిపేరులో పెట్టిన ముక్క. దాన్ని తీసి తలుపు మళ్లీ బిగించాను. తలుపు వాలింది. గీత గోరంత విరిగింది.

గీత గీశాకే తలుపులో అద్దం, తాళం బిగించేవాళ్లు. ఆ బరువుకి ఒక్కోసారి తలుపు వాలిపోతుంది. అందుకే తనిఖీ చేసేవాడు ముందు తలుపు చేత్తో ఎత్తి చూడాలి, ఆ తర్వాతే గీత చూడాలి. మొదటి రోజు నాకు ఆ పాఠం చెప్పింది అన్నయ్యే. ఆ రోజు నేను ఎత్తి చూడలేదు. వాడి గీత తిన్నగానే ఉంది.

రేకు ముక్క జేబులో వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. అన్నయ్య కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఊపిరితిత్తుల రిపోర్టు వచ్చిన రోజు నుంచి వదిన నాతో మాట్లాడదు. తొమ్మిదేళ్లు. అలాగని మర్యాద తప్పదు.

"ఆయనగారు కాఫీ తాగుతారేమో అడగండి," అంది వంటగది గుమ్మంలోంచి.

"ఒరేయ్, కాఫీ తాగుతావా?" అన్నాడు అన్నయ్య, సీరియస్‌గా మొహం పెట్టి.

"తాగుతానని చెప్పు."

"తాగుతాడట," అన్నాడు వెనక్కి తిరిగి. ముగ్గురం ఉన్నది పది అడుగుల గది.

రేకు ముక్క వాడి అరచేతిలో పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆకుపచ్చ బండిదా?" అన్నాడు.

"నీకు తెలుసా?"

"ఆ సాయంత్రమే రిపేరు సెక్షన్‌కి వెళ్లి చూశానురా. తలుపు ఎత్తగానే గీత కలిసింది."

"మరి చెప్పి చావలేదేం?"

"చెబితే? తప్పు మార్కు వేసిన కొత్తవాణ్ణి ఉంచేవాళ్లా? నాకు ఇంకో సెక్షన్ ఉంది. నీకేం ఉందప్పుడు?" మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నల్లరంగే కదా అనుకున్నాను. ఇలా అవుతుందని ఎవడికి తెలుసు?"

నేను వాడి మోకాలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వదినకి కూడా వాడు ఈ మాట ఇన్నేళ్లూ చెప్పలేదని అప్పుడు అర్థమైంది. ఆ రోజు కాఫీ రాలేదు.

అన్నయ్యని వదలబుద్ధి కాలేదు. "బండికి కొత్త రంగేశాక గీత నువ్వే గియ్యాలి," అన్నాను. నాలుగు వారాల తర్వాత ఓ పొద్దున ఆక్సిజన్ సిలిండరుతో సహా షెడ్డుకి తీసుకొచ్చాను. స్టూలు వేసి కూర్చోబెట్టాను. కుంచె చేతికివ్వగానే వేళ్లు వాటంతటవే సర్దుకున్నాయి. వణుకు లేదు, ఏమీ లేదు. కానీ గీత లాగాలంటే ఊపిరి బిగబట్టాలి. బిగబట్టడానికి వాడి దగ్గర ఊపిరి ఏది?

జానెడు గీసి ఆగేవాడు. గొట్టంలోంచి గాలి పీల్చుకుని మళ్లీ అతికినట్టు తెలియకుండా అక్కడి నుంచే లాగేవాడు. ముందు రెక్క పూర్తయ్యేసరికి గంట పట్టింది. తలుపు అంచు దగ్గర కుంచె నా చేతిలో పెట్టేశాడు.

"ఇక నావల్ల కాదురా. నువ్వు లాగు."

"నేను గీస్తే నవ్వుతారు."

"నవ్వనీ."

తలుపు, వెనక తొట్టి నేనే గీశాను. కుంచె దించాక చూస్తే పర్లేదనిపించింది.

"ఇప్పుడు ఆ పసుపు మార్కు వెయ్యి," అన్నాడు. ఫ్యాక్టరీ గుర్తులన్నీ ఉండాలని, ఫోటోలో ఉన్నట్టే ఆ ఇంటూ కూడా వెయ్యాలని డాక్టరమ్మ పట్టుబట్టింది మరి.

"చచ్చినా వెయ్యను. మిగతావన్నీ పెడతాను. అదొక్కటీ అడక్కు."

"ముందు తలుపు ఎత్తి చూడు."

వంగి, అడుగున చెయ్యి పెట్టి ఎత్తాను. తలుపు కదల్లేదు. బందు గట్టిగా ఉంది.

"ఇప్పుడు గీత చూడు."

చూశాను. అన్నయ్య గీత ఆగి నా గీత మొదలైన చోట, దారమంత తేడా ఉంది.

"ఎవరిది తప్పు?"

"నాదే."

"మరింకేం, వెయ్యి," అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది.

స్తంభం మీద పసుపు ఇంటూ వేశాను. పక్కన పదిహేడు వేశాను. కింద ఆ పాత తేదీ వేశాను. వాడు దగ్గరికి వంగి చూసి, "ఇప్పుడు కరెక్టుగా పడింది," అన్నాడు.

పందొమ్మిది రోజుల తర్వాత అన్నయ్య పోయాడు.

డాక్టరమ్మ వచ్చి ఫోటోలు ముందేసుకుని, ఇంకో బుల్లి అద్దంతో బండంతా చూసింది. కారిన రంగు, ఎర్ర చుక్కలు, వైర్ల మీది మరకలు, అన్నీ సరిపోయాయి. తలుపు అంచు దగ్గర మాత్రం ఆగింది. "ఈ తేడా ఫోటోలో లేదే?"

"లేదమ్మా. అది నాది. దాన్ని చెరపమని మాత్రం అడక్కండి."

ఆవిడ నా మొహం చూసి, అద్దం సంచిలో పెట్టేసుకుంది.

అన్నయ్య పోయిన మూడు వారాలకి మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. కిటికీ పక్కన కుర్చీ అలాగే ఉంది. గొట్టం చుట్టి దాని చేతి మీద పెట్టి ఉంది. వదిన వంటగది గుమ్మంలోకి వచ్చింది, అలవాటుగా కుర్చీ వైపు తిరిగింది.

"ఆయనగారు కాఫీ తాగుతారేమో అడగండి," అంది.

అడిగేవాడు లేడు. ఆవిడ అలాగే నిలబడిపోయింది. "తాగుతాను వదినా," అన్నాను.

కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది. లోపలికి వెళ్లలేదు. తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ఒక్కసారి ఆ తలుపు ఎత్తి చూసుంటే ఏం పోయేదయ్యా నీకు?"

"ఏమీ పోయేది కాదు వదినా," అన్నాను.