పదకొండో గుర్తు

మా ఆయన ఎగ్బర్ట్ పోయిన నాలుగో రోజు, పెరట్లో మగవాళ్లు సమాధికి సిమెంటు కలుపుతుండగా లిన్ జెండా కోసం వచ్చాడు. లిన్ మా కొండ ఊళ్ల మాజీ సైనికుల సంఘానికి కార్యదర్శి. యుద్ధానికి వెళ్లింది వాళ్ల నాన్న. ఈయనకు సంఘం తాళాలు మాత్రం దక్కాయి.

"మిస్ ఐసీ, జెండా ఇస్త్రీ అయిందా?" మా ఊళ్లలో పెద్దవాళ్లను, పెళ్లైనా సరే, ఆడవాళ్లనైతే మిస్ అని, మగవాళ్లనైతే మాస్ అని పిలుస్తారు.

"ముందు కూర్చో, లిన్. మేక తలకాయ సూపు ఉడుకుతోంది. చచ్చిన మనిషి ఎక్కడికీ పారిపోడులే."

నా గొంతులో విసుగు ఆయనకు వినబడే ఉంటుంది, కూర్చున్నాడు. నాకు నాలుగు రోజులుగా నిద్ర లేదు. వచ్చినవాళ్లకు వండి పెట్టడంతోనే సరిపోతోంది.

ఆ జెండా ఇంగ్లండుది. పంతొమ్మిది వందల నలభై నాలుగులో, పెద్ద యుద్ధం నడుస్తుండగా, మా కొండల నుంచి పదకొండు మంది కుర్రాళ్లు ఇంగ్లండు వైమానిక దళంలో చేరారు. అందులో ఆకాశంలోకి ఎగిరింది ఒక్కడే. మిగతావాళ్లు కింద ఉండి ఇంజన్లు బాగుచేశారు, బాంబులు ఎక్కించారు, లారీలు నడిపారు. అందరూ ప్రాణాలతో జమైకాకు తిరిగొచ్చారు. ఆ తర్వాత ఒక్కొక్కడే పోతూ ఉంటే, చర్చి నుంచి గొయ్యి దాకా శవపెట్టె మీద ఆ జెండా కప్పేవాళ్లు. దించే ముందు తీసేసి మా ఇంటికి పంపేవాళ్లు, ఎందుకంటే నేను కింద పోర్ట్ ఆంటోనియో రేవు ఊళ్లోని హోటలు దుప్పట్లు ఉతికేదాన్ని. ఉన్నది ఒక్కటే జెండా. కొత్తది పంపమని లండన్‌కు మూడుసార్లు రాశారు, జవాబు రాలేదు.

మొదటిసారి తెలియక వేడినీళ్లలో ముంచాను. ఎరుపు దిగి తెలుపంతా గులాబీ రంగుకు తిరిగింది. "రాణిగారికి సిగ్గేసినట్టుంది ఐసీ!" అని వాళ్లంతా నవ్వారు. ఆ తర్వాత ఎప్పుడూ ఉప్పు వేసిన చన్నీళ్లే, తెల్ల భాగానికే నీలిమందు, కర్రపెండలం గంజి. నలభై ఏళ్లలో పదిసార్లు ఉతికాను.

ఉతికిన బట్టకు గుర్తు పెట్టకపోతే నా చేయి ఊరుకోదు. హోటలు దుప్పటికి హోటలు గుర్తు ఉంటుంది. జెండాకు ఎవరి గుర్తు పెట్టాలో తోచక, పోయిన మనిషికొకటి చొప్పున అంచు లోపల ఎర్ర దారంతో చిన్న ఇంటూ గుర్తు కుట్టాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎగ్బర్ట్‌కు కూడా.

ఎగ్బర్ట్ ఇంజన్ల పని చేశాడు. మంచులో ఇనుము ముట్టుకుంటే వేళ్ల చర్మం ఊడొచ్చేదట. తిరిగొచ్చాక రేవులో పనికి వెళ్లి, వైమానిక దళం వాళ్లిచ్చిన కాగితం చూపించాడు. అక్కడి దొర దాన్ని మడిచి చేతిలో పెట్టి, "బాగుంది. గెలలు మోయగలవా?" అన్నాడట. ముప్ఫై ఏళ్లు అరటి గెలలు మోశాడు. అందుకే ఏ మిత్రుణ్ని పూడ్చి వచ్చినా ఒకటే మాట: "ఆ గుడ్డ నా మీద వేశారంటే లేచి కూర్చుంటాను, చూసుకోండి."

కిందటేడు పదోవాడు వెర్నల్ పోయాడు. ఆ రోజు వాన. జెండా బురదముద్ద అయి ఇంటికొచ్చింది. నేను తొట్టి దగ్గర రుద్దుతుంటే ఎగ్బర్ట్ వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. అన్నేళ్లలో అదే మొదటిసారి.

"ఇక ఎవరికోసం ఉతుకుతావే, ఐసీ?"

"నా నడుం పడిపోతోంది. కబుర్లాపి గట్టిగా పిండు."

అంతే మా మాటలు. ఇప్పుడు తలుచుకుంటే నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

లిన్ సూపు గిన్నె కింద పెట్టాడు. "పేపరువాళ్లు వస్తున్నారు మిస్ ఐసీ. మాస్ ఎగ్బర్ట్ ఆఖరివాడు కదా. జెండాతో ఫొటో ఉండాలి."

వంటింట్లోంచి మార్వా బయటికి వచ్చింది. మా ఆయన చెల్లెలి కూతురు, కింగ్‌స్టన్‌లో టీచరు. ఆకుపచ్చ, నలుపు, పసుపు రంగుల మన జమైకా జెండా కొత్తది కొనుక్కుని మరీ వచ్చింది.

"మామయ్య చేత గెలలు మోయించినవాళ్ల గుడ్డా ఆయన మీద కప్పేది? వద్దన్నాడా లేదా, అత్తా, నువ్వే చెప్పు!"

"అది సైనికుడి హక్కమ్మా, గౌరవం..." అన్నాడు లిన్.

"బతికుండగా ఏమైంది ఆ గౌరవం?"

ఇద్దరూ నా వైపు చూశారు. భర్త పదే పదే చెప్పిన మాట నిలబెట్టకపోతే యాభై ఏళ్లు కాపురం చేసి ఏం లాభం?

"వద్దన్నాడు లిన్. జెండా నీకిచ్చేస్తాను, పట్టుకుపో. పెట్టె మీద మాత్రం పడదు."

గదిలోకి వెళ్లి ట్రంకు తెరిచాను. పురుగు పట్టిందేమోనని అలవాటు కొద్దీ విప్పి అంచు తడిమాను. ఒకటి, రెండు, మూడు... పదోది వెర్నల్. దాని పక్కన వేలికి ఇంకోటి తగిలింది.

అది నేను కుట్టింది కాదు. చెప్పులు కుట్టే నల్ల దారం, రెండు పేటలు. ఇంటూ వంకరగా ఉంది, చివర దారాన్ని మెలిపెట్టి మెలిపెట్టి బిగించి ఉంది. విమానం బోల్టు ఊడకుండా తీగను అలాగే మెలిపెడతారని ఎగ్బర్ట్ నాకు ఫోర్కుకు చుట్టి చూపించాడొకసారి. తొట్టి దగ్గర కొస పట్టిన రోజే నా గుర్తులు వేళ్లకు తగిలి ఉంటాయి. చూపు ఆనని ముసలివాడు ఏ మధ్యాహ్నం, నేను బజారుకు వెళ్లినప్పుడు కూర్చుని కుట్టుకున్నాడో.

ట్రంకు మూత దభీమని వేశాను. ఒళ్లు మండిపోయింది. నోటితో ఒక్క ముక్క చెప్పి చావొచ్చు కదా, మొండి మనిషి!

జెండాతో బయటికి వచ్చి, "వేస్తున్నాం," అన్నాను.

"అత్తా!"

"రాణి కోసం కాదే పిల్లా. ఇటు చెయ్యి పెట్టు." మార్వా వేలు పట్టుకుని ఒక్కో గుర్తు మీదా ఆనించి ఒక్కో పేరూ చెప్పాను. నల్ల దారం దగ్గర వేలు ఆపాను. మార్వాయే చెప్పింది, "మామయ్య." ఆ తర్వాత వాదించలేదు. తను తెచ్చిన జెండాను వీధి గుమ్మానికి కట్టింది.

ఆదివారం గొయ్యి దగ్గర, పెట్టె దించే ముందు లిన్ జెండా తీయడానికి వంగాడు.

"వదిలెయ్," అన్నాను.

"మిస్ ఐసీ, అది సంఘం ఆస్తి. దాచిపెట్టాలి..."

"సంఘంలో ఇంకెవరున్నారు లిన్? నలభై ఏళ్లు ఉతికాను. ఇక ఉతకను."

లిన్ నా మొహం చూసి వెనక్కి జరిగాడు. గుర్తులున్న అంచు ఎగ్బర్ట్ తల వైపు ఉండేలా సర్దాను. పెట్టె దిగింది. పైన పలక జరిపి, అంచుల చుట్టూ సిమెంటు మెత్తారు.

సోమవారం పొద్దున లేచి తొట్టి నిండా చన్నీళ్లు పట్టాను. ఉప్పు వేశాను, నీలిమందు కలిపాను. ఉతకడానికి ఏమీ లేదు. అప్పుడు ఏడ్చాను.