చెంగల్రాయుడి వంకర కట్టు

నేను ఒక ఎముకను. కుళ్ళాయప్ప ఎడమ ముంజేతిలో, బొటనవేలి వైపు ఉండేదాన్ని. అలా ముఖం చిట్లించకండి, మీ చొక్కా చేతిలోనూ నా జాతిదే ఒకటుంది. కాకపోతే నాకు నడుమ చిన్న వంపు.

కుళ్ళాయప్పకు పదహారేళ్ళప్పుడు చింతచెట్టు మీద నుంచి పడితే నేను విరిగాను. చుట్టుపక్కల ఎవరికి ఎముక విరిగినా కట్టు చెంగల్రాయుడి దగ్గరికే పరుగు. ఆ రోజు ఆయన కూతురి పెళ్ళి. ముహూర్తం ముంచుకొస్తుంటే గుడ్డుసొన, మినప్పిండి పూసి, వెదురుబద్దలు పెట్టి హడావుడిగా కట్టేశాడు. నెలన్నరకు విప్పితే నేను వంకరగా అతుక్కుని ఉన్నాను. అరచెయ్యి పూర్తిగా వెల్లకిలా తిరగలేదు. "నా చేతికి వంక లేదని పేరు. ఎవురికీ చెప్పొద్దు నాయనా" అని పిల్లవాడి గడ్డం పట్టుకున్నాడు పెద్దాయన. వాడు సరేనన్నాడు.

పెళ్ళయ్యాక, దూరపు ఊరి నుంచి వచ్చిన భార్య చౌడమ్మ అడిగింది, దోసిలి పడితే నీళ్ళన్నీ కారిపోతాయేమని. "పుట్టకతోనే అంతేలే" అన్నాడు. లోపల నుంచి నేను విన్నాను.

బండల గనిలో పని చేసేవాడు. ఒక సాయంత్రం ఇంటికొస్తూ కాలు జారి పాత గని గుంతలో పడ్డాడు. గుంత నిండా నీళ్ళు. అదే వారం గనిలో మట్టి మోసే కూలామె ఒకతె చెప్పకుండా ఊరు విడిచింది. ఇంకేం కావాలి? ఇద్దరూ లేచిపోయారని ఊరు తేల్చేసింది. నిప్పు లేనిదే పొగ రాదట! నాలుగేళ్ళు చౌడమ్మ ఆ మాట పడింది.

చివరికి ఎవరో పంపు పెట్టి గుంత తోడితే ఎముకలుగా మిగిలిన మేం బయటపడ్డాం. ఎముకను అయినవాళ్ళ రక్తంతో పోల్చి మనిషిని తేల్చే పరీక్షలు అప్పటికింకా రాలేదు. ఆసుపత్రిలో డాక్టర్ ఇందుమతి మమ్మల్ని బల్ల మీద పేర్చి, కటి ఎముక చూసి మగవాడన్నారు, తొడ ఎముక కొలిచి అయిదడుగుల ఆరంగుళాలన్నారు. తర్వాత నన్ను తీసుకున్నారు.

"ఈ చెయ్యి విరిగి అతికింది. ఎప్పుడు విరిగిందమ్మా?"

"ఇరగలేదమ్మా" అంది చౌడమ్మ. "పుట్టకతోనే అంతని చెప్పినాడు."

ఎస్సై కలం మూశాడు. "అయితే మీ ఆయన కాదు. అనాథ శవమని రాసేస్తాం."

నాకు గుండె లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే అక్కడే ఆగిపోయేది. ఎంత వెర్రివాడివయ్యా కుళ్ళాయప్పా, ఆ మాట ఇప్పుడు నీ పేరునే మింగేస్తోంది!

"ఇది నాటు కట్టు. కట్టినవాళ్ళను పిలిపించండి" అన్నారు డాక్టరు.

మర్నాడు చెంగల్రాయుడు వచ్చాడు. కళ్ళు మూసుకుని నా మీద బొటనవేలు నడిపించాడు. వంపు దగ్గర వేలు ఆగింది.

"నాది కాదు" అన్నాడు.

నన్ను బల్ల మీద పెట్టి గుమ్మం దాకా నడిచాడు. అక్కడ చౌడమ్మ కూర్చుని ఉంది. "అయితే నా మొగుడు లేచిపోయినట్టేనా సామీ?" అని అడిగింది.

ఆయన కాలు గడప దాటలేదు. వెనక్కి తిరిగి బల్ల దగ్గరికి వచ్చాడు.

"నాదే. కూతురి పెండ్లినాడు తొందరపడి వంకరగా కట్టినా. పక్క ఎముక గూడా చీలింది, మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన. చూడండమ్మా."

డాక్టరు పక్క ఎముకను దీపం కిందికి జరిపి చూశారు. నాలుగు వేళ్ళ పైన సన్నని గీత కనిపించింది.

"చింతచెట్టు మీంచి పడిన కుళ్ళాయప్ప వీడు. ఎవురికీ చెప్పొద్దని నేనే మాట తీసుకున్నా. తప్పు నాది తల్లీ."

చౌడమ్మ తిట్టలేదు. లేచి వచ్చి నన్ను దోసిట్లోకి తీసుకుంది.

"కట్టుకున్నదానికి గూడా చెప్పలే. మాటంటే అంత మాట. అట్లాంటోడు నన్ను ఇడ్సిపెట్టి పోతాడా సామీ?"

ఎస్సై మళ్ళీ కలం తెరిచాడు.

ఇప్పుడు నేను కుళ్ళాయప్ప పేరు చెక్కిన బండ కింద ఉన్నాను, వంకరగానే.