చెప్పని మూడో మాట

మంచినీళ్ల పరీక్షశాలలో మరిది ఉద్యోగం ఆ మధ్యాహ్నంతో అటో ఇటో తేలిపోవాలి. కొత్త కంప్యూటరు పెట్టిన నెల నుంచీ కొన్ని ఫలితాల ఫైళ్లు తెరుచుకోవడం లేదు. దాని ముందు కూర్చునేది అతనొక్కడే కాబట్టి, కావాలనే తాళాలు వేస్తున్నాడని సూపర్‌వైజరు తేల్చేశాడు. సంగతి తెలియగానే వదిన చెప్పులేసుకుని వచ్చేసింది. యంత్రాలను నడిపే ప్రోగ్రాములు రాసి రాసి తల పండిన మనిషి.

"భయపడకురా. అరగంటలో తేల్చేస్తా," అంది. వినయానికీ ఆమెకూ ఎప్పుడూ పడలేదు.

ఫైళ్ల జాబితా తెరిచింది. పక్కనే ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అనే అనుమతులు. ఒకదాన్ని అందరూ చదవొచ్చు. ఇంకోదాన్ని సొంతదారుడే చదవలేడు, రాయడానికి మాత్రం అందరికీ తలుపులు బార్లా. మరోదాన్ని ఏకంగా ప్రోగ్రాములా నడపొచ్చట, క్లోరిన్ లెక్కని!

వదిన పకపకా నవ్వింది. "కక్షతో వేసేవాడు అన్నిటికీ ఒకటే తాళం వేస్తాడు సార్. ఇన్ని రకాలు వేసే ఓపిక మావాడికెక్కడిది? చొక్కా గుండీలే సరిగ్గా పెట్టుకోడు. ఏదీ, ఆ ప్రోగ్రాము చూపించండి."

తప్పు దొరకడానికి పది నిమిషాలు పట్టలేదు. "కొత్త ఫైలు పుట్టించేటప్పుడు మూడు మాటలు చెప్పాలి. పేరు, ఏం చెయ్యాలో, ఎవరికి ఏ అనుమతో. ఇక్కడ మూడోది లేదు. చెప్పకపోతే యంత్రం అడగదు, చేతికందిన చెత్త అంకె ఏదో వేసేసుకుంటుంది. పాత కంప్యూటర్లో ఆ చెత్త మన అదృష్టం కొద్దీ సరిపోయింది."

"ఆ మూడోది మీవాడే చెరిపేశాడేమో? రాసినవాళ్లొచ్చి చెబితే నమ్ముతా," అన్నాడు సూపర్‌వైజరు.

"ఏ తలమాసినవాడు రాశాడో పిలిపిద్దాం," అంటూ వదిన ప్రోగ్రాము మొదటి వరసకి వెళ్లింది. అక్కడ రాసినవాళ్ల పొడి అక్షరాలున్నాయి. అవి ఆమెవే. పన్నెండేళ్ల కిందట, ఈ పరీక్ష యంత్రాలమ్మే కంపెనీలో చేరిన కొత్తలో రాసింది. చెవుల దాకా సిగ్గేసింది. పక్కన మరిది గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"పిలిపించక్కర్లేదు సార్. రాసింది నేనే. మూడో మాట మొదటి నుంచీ లేదు, తప్పు నాది. కాగితం ఇవ్వండి, అదే రాసి సంతకం పెడతా."

పెట్టింది. తర్వాత ప్రోగ్రాములో ఆ మూడో మాట ఉండాల్సిన చోట సున్నా, ఆరు, నాలుగు, నాలుగు అని కొట్టింది. అంటే, రాయడం సొంతదారుడికే, చదవడం అందరికీ. కొత్త ఫైలు ఠక్కున తెరుచుకుంది. సూపర్‌వైజరు మరిది వైపు చూసి, "రేపు టైముకి రావయ్యా," అన్నాడు.

మెట్లు దిగుతూ మరిది నవ్వాడు. "అరగంటన్నావు వదినా, ఇరవై నిమిషాలే పట్టింది."

"పన్నెండేళ్లు పట్టిందిరా," అంది వదిన.