అన్నయ్యకు పనికొచ్చే సినిమా

వదిన పోయినప్పటి నుంచి అన్నయ్య సినిమా హాలు గడప తొక్కలేదు. అంతకుముందు ఇద్దరూ వారం వారం వెళ్లేవాళ్లు. ఎలాగైనా మళ్లీ తీసుకెళ్లాలని నేను పంతం పట్టాను. భార్య చచ్చిపోయే సినిమా మాత్రం కాకూడదు. అందుకే ముందు నేను చూసి, పనికొస్తుందో లేదో తేల్చేదాన్ని. కళ్లద్దాల కొట్టులో పని ముగించుకుని వెళ్లేసరికి సినిమా మొదలు కాస్త పోతూనే ఉండేది. పోతే పోయిందిలే అనుకునేదాన్ని.

అన్నయ్యది పాత సోఫాలకు కొత్త గుడ్డ వేసే పని. పెదాల మధ్య చిన్న మేకులు పట్టుకుని వింటుండేవాడు. నేను వాగుతుండేదాన్ని.

దయ్యం సినిమాలో దయ్యం కన్నా హీరోయిన్ మేకప్పే ఎక్కువ భయపెట్టింది. పైగా ఆ దయ్యం ఒకడి పెళ్లాం. వద్దన్నాను. ప్రేమకథ మొదటి సగం హాయిగానే ఉంది. రెండో సగంలో అమ్మాయికి దగ్గు మొదలైంది. సినిమాల్లో దగ్గు ఎక్కడికి దారితీస్తుందో తెలియనిదాన్నా? లేచి వచ్చేశాను. కామెడీలో కడుపుబ్బ నవ్వాను గానీ, అందులో ముసలి మొగుడూ పెళ్లాలు పొద్దస్తమానం కబుర్లు చెప్పుకుంటారు. అదీ వద్దు.

చివరికి ఫైట్ల సినిమా ఒకటి దొరికింది. హీరో కనబడ్డవాణ్నల్లా చితక్కొడుతున్నాడు. అంత కోపం దేనికో నాకు అంతుపట్టలేదు. మధ్యమధ్య జేబులోంచి ఒకమ్మాయి ఫొటో తీసి చూసుకుంటుంటే చెల్లెలు కాబోలు అనుకున్నాను.

"అందులో ఆడవాళ్లే లేరన్నయ్యా. తన్నుకోవడమే. రా," అని బతిమాలి తీసుకెళ్లాను.

సెలవు రోజు కాబట్టి పేర్లు పడకముందే కూర్చున్నాం. తెర మీద హీరో పెళ్లాం నవ్వుతూ తలుపు తీసింది. తుపాకీ పేలింది. నేను చూడకుండా పోయిన మొదటి ముక్క ఇదన్నమాట.

"పద అన్నయ్యా, వెళ్లిపోదాం," అంటూ చెయ్యి పట్టి లాగాను.

"కూర్చో."

అన్నయ్య కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. నా తెలివికి నన్ను నేనే తిట్టుకున్నాను. అంతలో ఆయన ఫక్కున నవ్వాడు.

"చచ్చిపోయింది కదా, ఆ పొట్ట చూడు, ఊపిరికి ఎలా కదులుతోందో! మీ వదినైతే హాలంతా వినబడేలా చెప్పేది."

"ఇప్పుడవన్నీ ఎందుకులే అన్నయ్యా. దీని తర్వాత ఫైటుంది చూడు, అందులో..."

"అదిగో, మళ్లీ! ఇంట్లోనూ ఇంతే నువ్వు. తన ఊసెత్తడం ఆలస్యం, ఏదో సినిమా కథ అందుకుంటావు. నువ్వూ వినకపోతే నేనెవరికి చెప్పుకోనే, పిచ్చిమొహమా?"

అన్నయ్యను కంటికి రెప్పలా చూసుకుంటున్నానని ఇన్నాళ్లూ మురిసిపోయాను. వదిన గురించి చెప్పుకోవడానికి ఆయనకున్నది నేనొక్కదాన్నే. ఆ నోరు నేనే మూయించాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"వదిన ఇంకా ఏమనేది?" అని అడిగాను.

వెనక సీటాయన విసుక్కున్నాడు. అన్నయ్య గొంతు తగ్గించి, తెర వైపు చూడటం మానేసి, పూర్తిగా నా వైపు తిరిగి కూర్చున్నాడు.